ఈసీజీ నార్మల్ వచ్చింది కదా, మళ్ళీ ఎకో, టీఎంటీ ఎందుకు? గుండె పరీక్షలకు వెళ్ళేవాళ్ళు చేయాల్సినవి

నేను ఈసీజీ, ఎకో గదుల్లో పని చేసే టెక్నీషియన్ని. డాక్టర్ని కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. రాజోలు నుంచి, ముమ్మిడివరం నుంచి, ఇటు నరసాపురం, మొగల్తూరు నుంచి వచ్చేవాళ్ళు మంచం దిగి చొక్కా గుండీలు పెట్టుకుంటూ అడిగేది ఎప్పుడూ ఒకటే. "ఈసీజీ బాగానే ఉందన్నారు కదండీ, మరి ఎకో దేనికండీ? అదీ బాగుంటే ఆ నడిపించే పరీక్ష దేనికి? అన్నీ డబ్బుల కోసమేనా?" ఫోన్లో చుట్టాలు అడిగేదీ ఇదే. అందుకే ఒక్కచోట రాసి పెడుతున్నాను.

ఒక్కో పరీక్ష ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది. చెరువు గట్టు మీద మోటారు నీళ్ళు పోయడం లేదనుకోండి, కరెంటు సరిగ్గా వస్తోందా, మోటారు తిరుగుతోందా, పైపులో ఏదైనా అడ్డుపడిందా అని మూడూ విడివిడిగా చూస్తాం కదా. ఈసీజీ చూసేది గుండెలోని కరెంటుని, ఎకో చూసేది పంపుని, దాని కవాటాల్ని, ఆంజియోగ్రామ్ చూసేది గుండె కండరానికి రక్తం తెచ్చే పైపుల్ని. టీఎంటీ అంటే కదిలే బెల్టు మీద నడిపించి, గుండెకి లోడు వేసి చూడటం. ఒక పరీక్ష నార్మల్ వచ్చిందంటే ఆ ఒక్క ప్రశ్న వరకే నార్మల్. సిద్ధాంతం ఇంతే.

ముందు ఇది చదవండి: నొప్పి ఇప్పుడే ఉంటే

ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, నొక్కేసినట్టు, మంటలా ఉండి, అది చేతికో దవడకో వీపుకో పాకుతూ, చల్లటి చెమటలు పడుతుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్ళకి, పెద్ద వయసువాళ్ళకి, ఆడవాళ్ళకి నొప్పి సరిగ్గా తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, ఒళ్ళంతా చెమట, కారణం లేని నీరసం, వాళ్ళకి ఇవే నొప్పి కింద లెక్క.

ఇలాంటప్పుడు జరిగే పొరపాట్లు చూస్తే బాధేస్తుంది. పెళ్ళి భోజనం చేసొచ్చిన రాత్రి నొప్పి మొదలవుతుంది, గ్యాసే అనుకుని సోడా తాగుతారు, ఈనో తాగుతారు, ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ చేయించుకుంటారు, కాస్త నెమ్మదించినట్టుంటే తెల్లారాక చూద్దాంలే అని పడుకుంటారు. గ్యాస్ మందుతో తగ్గినంత మాత్రాన అది గ్యాస్ నొప్పి అని రుజువైనట్టు కాదు, గుండె నొప్పి కూడా మధ్యలో తగ్గి మళ్ళీ వస్తుంది. ఇంకో సంగతి, గుండె నొప్పి అనుమానం ఉన్నప్పుడు కండకి వేసే ఇంజెక్షన్ వేయించుకోవద్దు. తర్వాత ఆసుపత్రిలో రక్తం గడ్డ కరిగించే మందు ఇవ్వాల్సి వస్తే ఆ సూది గుచ్చిన చోట లోపల రక్తం చేరిపోతుంది.

సార్బిట్రేట్ మాత్ర పక్కింటివాళ్ళ దగ్గర ఉంది కదా అని నాలుక కింద పెట్టేయకండి, బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది. ఆస్పిరిన్ నమలమని 108 వాళ్ళో డాక్టరో చెబితే నమలండి, కానీ అల్సర్ నుంచి రక్తం పోయినవాళ్ళు, ఆస్పిరిన్ పడనివాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

బండి మీ అంతట మీరు నడుపుకుంటూ వెళ్ళొద్దు. లంక గ్రామాల్లో, ఏటి అవతల ఉండేవాళ్ళు దారి ముందే ఆలోచించి పెట్టుకోవాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పగలైతే పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద దగ్గరే, కానీ రాత్రి పొద్దుపోయాక, గోదావరికి వరద వచ్చినప్పుడు పంటుని నమ్ముకోకుండా చించినాడ వంతెన మీదుగా వెళ్ళిపోవాలి. మీకు దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలో రాత్రిపూట ఈసీజీ తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉందా అని ఒంట్లో బాగున్న రోజునే కనుక్కుని ఉంచుకోండి. ఆ మందు నొప్పి మొదలైన 12 గంటల లోపు ఇవ్వాలి, మొదటి రెండు మూడు గంటల్లో పడితే దాని పని మరీ బాగుంటుంది. ఆసుపత్రి గుమ్మంలో అడుగుపెట్టిన 10 నిమిషాల్లో మొదటి ఈసీజీ తీయాలన్నది ప్రపంచమంతా పాటించే లెక్క. ఓపీ చీటీ కోసం వరసలో నిలబడకుండా "ఛాతీ నొప్పండీ" అని గట్టిగా చెప్పండి.

ఇక్కడి నుంచి చెప్పేది నొప్పి ఇప్పుడు లేక, డాక్టర్ పరీక్షలు రాసిచ్చినవాళ్ళకి.

కావలసినవి

- పాత ఈసీజీలన్నీ, ఎన్నేళ్ళ కిందటివైనా సరే. డాక్టర్‌కి చాలాసార్లు కొత్తదాని కంటే కొత్తదానికీ పాతదానికీ ఉన్న తేడాయే ముఖ్యం.
- వాడే మందుల రేకులు. పేర్లు కాదు, రేకులే తీసుకెళ్ళండి. "తెల్ల మాత్ర, పొద్దున్నే ఒకటి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు.
- షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) రిపోర్టులు ఈ మధ్యవి.
- ఆధార్, రేషన్ కార్డు. ఆంజియోప్లాస్టీ, బైపాస్ లాంటివి ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీ) ఉన్నాయి, ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో, ఏ పరీక్షకి డబ్బు కట్టాలో ఆ పథకం డెస్క్ దగ్గర చేరకముందే అడగాలి. డిశ్చార్జి రోజు అడిగితే లాభం లేదు.
- తోడు ఒక మనిషి. టీఎంటీకి, ఆంజియోగ్రామ్‌కి ఒంటరిగా రావద్దు.

1. మీ బాధని ఒక కాగితం మీద రాసుకోండి

ఇది పరీక్షే కాదనుకుంటారు గానీ డాక్టర్ ఏ పరీక్ష రాయాలో తేలేది ఇక్కడే. నొప్పి ఎక్కడ, ఎంతసేపు, ఏం చేస్తుంటే వస్తుంది, ఆగితే ఎన్ని నిమిషాల్లో పోతుంది. "గుండెల్లో ఏదోలా ఉంటోందండీ" అనే మాట వల్ల ఉపయోగం లేదు. "ధాన్యం బస్తా ఎత్తితే, వంతెన ఎక్కేటప్పుడు సైకిల్ తొక్కితే ఛాతీ పట్టేస్తోంది, ఆగితే ఐదు నిమిషాల్లో తగ్గిపోతోంది" అన్నారనుకోండి, డాక్టర్‌కి సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. వేలు పెట్టి చూపించగలిగే ఒక్క చోట సూదిలా గుచ్చి, నొక్కితే ఎక్కువయ్యే నొప్పి చాలావరకు కండరానిది, ఎముకది. అయినా ఆ నిర్ణయం మీరు తీసుకోకండి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు వచ్చి ఉంటే అదీ రాయండి.

2. ఈసీజీ

ఉపవాసం అక్కర్లేదు. ఛాతీ మీద, నడుం నుంచి మెడ దాకా కొబ్బరినూనె రాసుకుని రావద్దు, పౌడరూ వద్దు, వాటి మీద ఎలక్ట్రోడ్లు నిలవవు, గీత వణుకుతుంది. ఛాతీ మీద వెంట్రుకలు ఎక్కువ ఉంటే కాస్త గొరగాల్సి వస్తుంది, మొహమాటపడకండి. ఎండలో బండి మీద వచ్చి వెంటనే పడుకోకుండా ఐదు నిమిషాలు కూర్చుని చెమట ఆరాక పడుకోండి. వైర్లు పెట్టాక మాట్లాడకూడదు, చేతులు బిగించకూడదు. పది ఎలక్ట్రోడ్లు పెడతాం, 12 కోణాల నుంచి గీతలు వస్తాయి.

కాగితం చేతికొచ్చాక మీరే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి:

- మీ పేరు, వయసు, తేదీ, టైము. టైము మరీ ముఖ్యం, నొప్పి వచ్చిన గంటకి తీసిందా, తగ్గాక తీసిందా అన్నదాన్ని బట్టి అర్థం మారిపోతుంది.
- అంచున 25 ఎంఎం/సెకను, 10 ఎంఎం/ఎంవీ అని ఉందా. వేరే అంకె ఉంటే గీతలు సాగినట్టో పొట్టిగానో కనిపిస్తాయి, డాక్టర్‌కి చెప్పండి.
- మొదటి వరస, అంటే లీడ్ 1లో గీతలన్నీ తలకిందులుగా ఉండి, ఏవీఆర్ అన్నదాంట్లో పైకి ఉంటే, చేతుల వైర్లు కుడిఎడమలు అయ్యాయేమో అని అడగండి. ఇది అరుదేం కాదు. మళ్ళీ తీయించుకోవడం మీ హక్కు, రెండు నిమిషాల పని.

మెషిన్ తనంతట తాను పైన "అబ్నార్మల్ ఈసీజీ" అని ప్రింట్ చేస్తుంది, అది చూసి అక్కడే కుప్పకూలిపోయేవాళ్ళని చూశాను. మెషిన్ మాట ఫైనల్ కాదు, అటూ కాదు, ఇటూ కాదు. "నార్మల్" అని రాసినా డాక్టర్ చూడాల్సిందే.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈసీజీ సుమారు పది సెకన్ల ముచ్చట. విశ్రాంతిగా పడుకున్నప్పుడు నొప్పి లేనివాళ్ళకి పైపుల్లో పెద్ద బ్లాకులున్నా గీత శుభ్రంగా రావచ్చు. గుండెపోటు మొదలైన తొలి నిమిషాల్లో కూడా నార్మల్‌గా ఉండొచ్చు. అందుకే నొప్పి కొనసాగుతుంటే పావుగంటకో అరగంటకో మళ్ళీ మళ్ళీ తీస్తారు, అవసరమైతే వీపు వైపు, కుడి ఛాతీ వైపు కూడా పెట్టి తీస్తారు. "ఇందాకే తీశారు కదా" అని అడ్డు చెప్పకండి.

ఆ కాగితం దాచడంలో జాగ్రత్త: చాలా మెషిన్లది వేడితో అచ్చు పడే థర్మల్ కాగితం. పదిలంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తారు, వేడికి కాగితం మొత్తం నల్లగా మాడి వస్తుంది. కిటికీ పక్కన ఎండ పడేచోట పెడితే గీతలు వెలిసిపోతాయి. తీసిన రోజే జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫోటో కూడా తీసుకోండి. ఫోటో తీసేటప్పుడు బల్ల మీద పరిచి, నీడ పడకుండా, నాలుగు మూలలూ, పేరూ తేదీతో సహా కనిపించాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే చిన్న గళ్ళు చెదరవు.

3. ట్రోపోనిన్

నొప్పి ఈ మధ్యే వచ్చినవాళ్ళకి రాసే రక్తపరీక్ష ఇది. గుండె కండరం దెబ్బతింటే ఇది రక్తంలోకి వస్తుంది, కానీ వెంటనే పెరగదు. మామూలు పద్ధతిలో మూడు నుంచి ఆరు గంటలు పట్టొచ్చు. నొప్పి మొదలైన గంటకే ల్యాబ్‌కి వెళ్ళి నెగటివ్ అని తెచ్చుకుని హాయిగా ఇంటికి వెళ్ళిపోవడం చాలా ప్రమాదకరమైన పొరపాటు. కొద్దిపాటిని కూడా పట్టేసే హై సెన్సిటివిటీ రకమైతే మొదటిది తీశాక ఒకటి నుంచి మూడు గంటల్లో రెండోది తీసి తేడా చూస్తారు. రిపోర్టులో ఏ రకమో, రక్తం తీసిన టైమెంతో రాసి ఉందా చూడండి. కిడ్నీ జబ్బు ఉన్నా, ఒంట్లో పెద్ద ఇన్ఫెక్షన్ ఉన్నా ఇది పెరుగుతుంది కాబట్టి పాజిటివ్ అనగానే గుండెపోటే అని కూడా అనుకోనక్కర్లేదు.

4. ఎకో

అల్ట్రాసౌండే ఇది, రేడియేషన్ లేదు, గర్భిణులకీ పసిపిల్లలకీ చేయొచ్చు. తిని రావచ్చు. ఎడమవైపు తిరిగి పడుకోమంటారు, జెల్ రాస్తారు, ఊపిరి బిగపట్టమన్నప్పుడు బిగపట్టాలి. ముందు గుండీలు ఉండే బట్టలు వేసుకుంటే సులువు. ఆడవాళ్ళు పైన కప్పుకోవడానికి దుప్పటి అడగొచ్చు, తోడు ఆడమనిషిని లోపల ఉంచమనీ అడగొచ్చు.

రిపోర్టు చూసి జనం హడలిపోయేవి ముందు చెబుతాను, ఎందుకంటే ఫోన్లు ఎక్కువ వచ్చేది వీటికే.

"ఈఎఫ్ 60 శాతమే ఉందంట, మిగతా 40 శాతం గుండె పోయినట్టేనా?" కాదండీ. ఈఎఫ్ అంటే ఒక్కో దెబ్బకి గుండె బయటికి పంపే రక్తం శాతం. గుండె ఎప్పుడూ తనలో ఉన్న రక్తమంతా ఒకే దెబ్బకి పంపదు. సుమారు 55 నుంచి 70 మధ్య ఉంటే నార్మల్. 40, అంతకంటే తక్కువ ఉంటే పంపింగ్ తగ్గిందని అర్థం, మందులు గట్టిగా మొదలవుతాయి. ఈ అంకెని కంటితో అంచనా వేసీ చెబుతారు, కొలిచీ చెబుతారు. కాబట్టి ఒకచోట 58, ఇంకోచోట 55 వస్తే గుండె పాడైపోతోందని టెన్షన్ పడకండి. అదే 60 ఉన్నది 40కి పడిపోతే అది నిజమైన మార్పు.

"గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్" అంటే గుండె ఫెయిల్ అయిపోయిందని కాదు, గుండె గోడ కాస్త బిరుసెక్కి సాగడం నెమ్మదించిందని. 60 దాటినవాళ్ళలో, బీపీ ఉన్నవాళ్ళలో చాలా మామూలు. బీపీ అదుపులో పెట్టుకోవాలన్న కబురు అది. "ట్రివియల్ ఎంఆర్", "మైల్డ్ టీఆర్" లాంటివి (కవాటం దగ్గర రక్తం కొద్దిగా వెనక్కి కారడం) ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ కనిపిస్తాయి.

పట్టించుకోవాల్సినవి వేరు. "ఆర్‌డబ్ల్యూఎంఏ" అని ఉంటే గోడలో ఒక భాగం సరిగ్గా కదలడం లేదు, అక్కడికి రక్తం అందడం లేదేమో, పాత గుండెపోటేమో చూడాలి. "సివియర్" అన్న మాట ఏ కవాటం పక్కన ఉన్నా ఆ వారంలోనే కార్డియాలజిస్టుని కలవండి. "క్లాట్" (గుండె లోపల రక్తం గడ్డ) అని ఉంటే ఆ రోజే.

పిల్లల సంగతి కూడా ఒకటి చెప్పాలి. గొంతు నొప్పి, జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకి ఒక కీలు తర్వాత ఇంకో కీలు వాచి నొప్పి పెడుతుంటే ఎకో చేయించండి. అది రుమాటిక్ జ్వరమైతే కవాటాలు పాడవుతాయి. తొందరగా పట్టుకుంటే మూడు వారాలకొకసారి వేసే పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో మళ్ళీ రాకుండా ఆపొచ్చు. ఆ ఇంజెక్షన్ ఏళ్ళ తరబడి వేయించాలి, బాగుంది కదా అని మధ్యలో మానేస్తారు, అక్కడే దెబ్బతింటారు. ఆడపిల్లకి అప్పట్లో కవాటం సన్నబడిన సంగతి తెలియక, గర్భం వచ్చాక ఆయాసంతో బయటపడటం ఇప్పటికీ చూస్తున్నాం.

ఇక ఎకో నార్మల్ అంటే బ్లాకులు లేవనా? కాదు. కండరం ఇంకా దెబ్బతినలేదని మాత్రమే.

5. టీఎంటీ

జనం ఎక్కువగా పాడుచేసుకునే పరీక్ష ఇదే.

రెండు మూడు గంటల ముందు కొంచెం టిఫిన్ తినండి. ఖాళీ కడుపూ వద్దు, నిండా పెసరట్టు ఉప్మా లాగించి రావడమూ వద్దు. కాఫీ, టీ, సిగరెట్, చుట్ట ఆ రోజు పరీక్ష అయ్యేదాకా మానేయండి. బీపీ మాత్రల్లో కొన్ని గుండె వేగాన్ని పెరగనివ్వవు, వాటిని ఆపాలా వద్దా డాక్టర్‌నే అడగండి, మీ అంతట మీరు ఆపితే ఒక్కసారిగా నొప్పి వచ్చే ప్రమాదం ఉంది. బూట్లు వేసుకోండి. ఆడవాళ్ళు చీర కంటే చుడీదార్‌లో రావడం మంచిది, మగవాళ్ళు లుంగీ, హవాయి చెప్పులతో వస్తే బెల్టు మీద నడవలేరు.

బెల్టు మూడు నిమిషాలకొకసారి వేగమూ ఏటవాలూ పెంచుకుంటుంది. 220లోంచి మీ వయసు తీసేస్తే వచ్చేదాంట్లో 85 శాతానికి గుండె వేగం చేరాలి. 50 ఏళ్ళవాళ్ళకి సుమారు 145. ఇది చేరకుండా కాళ్ళు లాగుతున్నాయని నాలుగో నిమిషంలో దిగిపోతే రిపోర్టు "తేలలేదు" అని వస్తుంది, డబ్బు దండగ. రిపోర్టు వచ్చాక ముందు చూడాల్సిందే ఇది: ఎన్ని నిమిషాలు నడిచారు, ఎంత వేగం చేరారు.

దానికి పూర్తిగా ఎదురుగా ఉండే పొరపాటు ఇంకా చెడ్డది. ఇదేదో పాస్ అవ్వాల్సిన పరీక్ష అనుకుని, ఛాతీ పట్టేస్తున్నా పళ్ళు బిగించి నడుస్తారు. ఒకాయన బెల్టు ముందు కడ్డీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, పిడికిళ్ళు తెల్లబడిపోతున్నా "ఏం లేదండీ, బానే ఉందండీ" అంటూనే ఉన్నారు, తెర మీద గీత మాత్రం కిందికి జారిపోతోంది. నొప్పి వస్తే చెప్పండి. అది రప్పించి చూడటానికే కదా పరీక్ష. కడ్డీ మీద బరువు వేసినా ఫలితం తప్పుతుంది, వేళ్ళు ఆనించి నడవాలి.

చేయకూడనివాళ్ళు: గత రెండు రోజుల్లో కూర్చున్నప్పుడు కూడా నొప్పి వచ్చినవాళ్ళు, అయోర్టా కవాటం (గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్ళే ద్వారం) బాగా సన్నబడి ఆయాసమో కళ్ళు తిరగడమో ఉన్నవాళ్ళు, బీపీ మరీ ఎక్కువ ఉన్నవాళ్ళు. మోకాళ్ళ నొప్పులతో నడవలేనివాళ్ళకి మందు ఇచ్చి గుండె వేగం పెంచి చేసే స్ట్రెస్ ఎకో, జనం థాలియం స్కాన్ అనే న్యూక్లియర్ స్కాన్, లేదా సీటీ ఆంజియో ఉన్నాయి. ఈసీజీలో ముందు నుంచే ఎల్‌బీబీబీ (కరెంటు గుండె ఎడమ వైపుకి వెళ్ళే దారిలో అడ్డు) అని ఉన్నవాళ్ళకీ టీఎంటీ గీత చదవడానికి పనికిరాదు, వీటిలోనే ఏదో ఒకటి.

పాజిటివ్ వచ్చిందంటే బ్లాకు ఖాయమని కాదు, ఆడవాళ్ళలో ఉత్తుత్తి పాజిటివ్‌లు ఎక్కువ. నెగటివ్ వచ్చినా, మీరు కాగితం మీద రాసిన బాధ అచ్చం గుండె నొప్పిలా ఉంటే డాక్టర్ ఇంకో పరీక్ష రాస్తారు, అది డబ్బు గుంజడం కాదు.

6. దడ, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే హోల్టర్

ఈసీజీ మెషిన్‌నే నడుముకి కట్టి 24 గంటలు తిప్పడం. ఆ రోజు తలంటు, స్నానం కుదరవు, తుండు తడిపి ఒళ్ళు తుడుచుకోండి. దడ వచ్చిన ప్రతిసారీ గడియారం చూసి టైము రాయాలి, అది రాయకపోతే రికార్డు సగమే పనికొస్తుంది. మెషిన్ పాడవుతుందని రోజంతా మంచం మీద పడుకోకండి, రోజూ చేసే పనులే చేయండి. పదిరోజులకొకసారి వచ్చే దడకి ఒక్కరోజు మెషిన్ చాలదు, ఎక్కువ రోజులది ఉందా అని అడగండి. కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళు సంగతి తేలేదాకా బండి నడపొద్దు, చెరువు మీదకో కాలవలోకో ఒంటరిగా దిగొద్దు.

7. సీటీ ఆంజియో, కాల్షియం స్కోర్

పైపు లోపలికి గొట్టం పంపకుండా స్కానర్లో చూసేది. బ్లాకు ఉండే అవకాశం మధ్యస్థంగా ఉన్నవాళ్ళకి బాగా పనికొస్తుంది, నార్మల్ వస్తే పెద్ద బ్లాకులు దాదాపు లేనట్టే. గుండె నిమిషానికి 60, 65 దాటకుండా ఉంటే బొమ్మ స్పష్టంగా వస్తుంది, అందుకే ముందు ఒక మాత్ర ఇస్తారు. ముందురోజు నుంచి కాఫీ, టీ మానండి. నాళాల్ని వెడల్పు చేసే నైట్రోగ్లిజరిన్ కూడా నాలుక కింద వేస్తారు కాబట్టి మగవాళ్ళు వయాగ్రా లాంటి మాత్ర ఈ రెండు మూడు రోజుల్లో వేసుకుని ఉంటే సిగ్గుపడకుండా చెప్పి తీరాలి. రెండూ కలిస్తే బీపీ ప్రాణం మీదకి తెచ్చేంత పడిపోతుంది.

అయోడిన్ ఉన్న మందు ఎక్కిస్తారు. క్రియాటినిన్ చూపించండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్ళు, మరీ ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉంటే, ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మొదలుపెట్టాలో అడగండి. మన వైపు అందరికీ ఉన్న అనుమానం ఒకటి: "నాకు రొయ్యలు పడవు, అయోడిన్ మందు ఎక్కించొచ్చా?" రొయ్యల ఎలర్జీకి కారణం వాటిలోని ప్రోటీన్, అయోడిన్ కాదు. చెప్పడం మంచిదే గానీ దాని కోసం పరీక్ష మానుకోనక్కర్లేదు. ఇంతకుముందు ఇలాంటి మందు ఎక్కించినప్పుడే దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే, అది అసలైన హెచ్చరిక. గర్భం ఉందన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి.

కాల్షియం స్కోర్ ఒక్కటే చేయించుకుంటే మందు ఎక్కించరు. సున్నా మంచిది, 100 దాటితే కొలెస్ట్రాల్ మందు గురించి గట్టిగా మాట్లాడాలి, 400 దాటితే ఎక్కువ. నొప్పి ఉన్నవాళ్ళు సున్నా చూసి ధైర్యపడొద్దు, మెత్తటి కొవ్వు బ్లాకు ఇందులో కనపడదు. స్టెంటు పడినవాళ్ళకి ఈ స్కోర్‌తో పని లేదు.

8. ఆంజియోగ్రామ్

మణికట్టు నుంచో గజ్జ నుంచో సన్నటి గొట్టం పంపి, మందు వదిలి, ఎక్స్‌రేలో చూస్తారు. సాధారణంగా పూర్తి మత్తు ఇవ్వరు, ఆ చోట మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇస్తారు. గుండెపోటులో ఉన్నవాళ్ళకి ఇది పరీక్షా, వైద్యమూ రెండూను. అక్కడే బెలూన్, స్టెంటు వేసి దారి తెరుస్తారు, అప్పుడు ఆలోచిస్తూ కూర్చోకూడదు.

నొప్పి నిలకడగా ఉన్నవాళ్ళు మాత్రం ఆలోచించుకోవచ్చు. సాధారణంగా 70 శాతం, ఎడమ ప్రధాన నాళంలో అయితే 50 శాతం దాటితే ముఖ్యమైన బ్లాకు అంటారు. మధ్యలో ఉన్నవాటికి ఎఫ్ఎఫ్ఆర్ అని తీగతో పీడనం కొలిచి, 0.80 లేదా తక్కువ వస్తే రక్తం నిజంగా తగ్గుతోందని తేలుస్తారు. 2020లో వచ్చిన ఇస్కీమియా ట్రయల్ అనే పెద్ద పరిశోధన‌లో, నిలకడ నొప్పి ఉన్నవాళ్ళకి మొదటే స్టెంటో బైపాసో చేసినా, ముందు మందులతో చూసినా మరణాల్లో పెద్ద తేడా కనపడలేదు, నొప్పి తగ్గడంలో మాత్రం స్టెంటు, బైపాస్ మెరుగు. ఎడమ ప్రధాన నాళం బ్లాకు ఉన్నవాళ్ళని, పంపింగ్ బాగా తగ్గినవాళ్ళని అందులో చేర్చలేదు, వాళ్ళ లెక్క వేరు. కాబట్టి బల్ల మీద ఉండగానే బయట మీవాళ్ళని "స్టెంటు వేసేయమంటారా?" అని అడిగే పరిస్థితి రాకుండా, లోపలికి వెళ్ళేముందే డాక్టర్‌తో మాట్లాడుకోండి: ఇది అత్యవసరమా, మందులతో కొంతకాలం చూడొచ్చా, బైపాస్ అయితే మేలా. షుగర్ ఉండి మూడు నాళాల్లోనూ బ్లాకులుంటే బైపాస్ మాట తప్పకుండా అడగాలి.

అయ్యాక నీళ్ళు బాగా తాగండి, డాక్టర్ నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు తప్ప. మణికట్టు నుంచి చేస్తే కొన్ని రోజులు ఆ చేత్తో బకెట్టు, బస్తా ఎత్తొద్దు, బండి నడపొద్దు. రక్తం కారితే గుడ్డ చుట్టి ఊరుకోకుండా ఆ చోటే బొటనవేలితో గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి, ఆసుపత్రికి వెళ్ళండి. గజ్జ నుంచి చేస్తే చెప్పినన్ని గంటలు కాలు మడవకూడదు. వేళ్ళు చల్లబడినా నీలంగా మారినా వెంటనే చెప్పాలి.

సీడీ అడిగి తీసుకోండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. రెండో డాక్టర్ చూసేది బొమ్మనే. ఇంటికి తెచ్చుకున్నాక కంప్యూటర్‌లో తెరుచుకుంటోందో లేదో చూసి పెట్టుకోండి, ఖాళీ సీడీలు కూడా వస్తుంటాయి.

9. తర్వాత

అన్నీ తేదీల వరసలో ఒకే ఫైల్లో పెట్టండి, మొదటి పేజీలో ఒక కాగితం: జబ్బు పేరు, ఈఎఫ్ అంకెలు తేదీలతో, స్టెంటు ఎప్పుడు ఎక్కడ పడింది, పడని మందులు. స్టెంటు కార్డు ఫోటో ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉండాలి.

గుండెపోటు వచ్చి ఈఎఫ్ తగ్గినవాళ్ళు ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య ఎకో మళ్ళీ చేయించాలి. స్పృహ తప్పిన కండరం అప్పటికి కొంత తేరుకుంటుంది, ఆ అంకెని బట్టే, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చేలా ఒంట్లో పెట్టే పరికరం అవసరమా అని చూస్తారు. బాధ ఏమీ లేనివాళ్ళు ఏటేటా ఆంజియోగ్రామ్ చేయించుకోనక్కర్లేదు, వాళ్ళకి బీపీ, షుగర్, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చూపించుకోవడమే అసలు పరీక్ష. స్టెంటు పడినవాళ్ళు పన్ను పీకించుకోవాలన్నా సరే రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. పళ్ళ డాక్టర్ ఆపమంటే, ముందు కార్డియాలజిస్టుకి ఫోన్ చేసి ఆ తర్వాతే ఆపండి.